లోపలి చొక్కా

మా అజ్మల్ మీదికి వచ్చిన కత్తి విరిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. లేకపోయుంటే బాగుండేది.

జూన్ నెల. నెల్లూరు స్టేడియంలో రేకుల షెడ్డు కింద పిల్లోళ్లు ఆడతా ఉన్నారు. కోవూరు నుంచి షేరాటోలో పెన్న దాటి వాడికి క్యారియర్ తీసుకొని పోయినాను. ఇరవై నాలుగేళ్లోడికి అమ్మ క్యారియర్ మోసుకొస్తే నవ్వుతారని వాడు విసుక్కుంటాడు. అయినా పోతాను. నేను చూస్తా ఉంటే ఏమీ కాదని నమ్మకం. నేను చూడని రోజే ఏదో అవుతుందని భయం.

ఆ రోజు చూస్తా ఉండగానే అయింది. అవతలి పిల్లోడు ముందుకు దూకి పొడిచినాడు. కత్తి వంగి వంగి టప్పుమని విరిగింది. ముక్క ఎగిరి రేకుకు తగిలి కింద పడింది. చేతిలో మిగిలిన మొండి కత్తి మాత్రం ఆగలేదు. మావాడి చంక కింద జాకెట్టును గీరుకుంటా పోయింది.

నేను అరిచిన అరుపుకు షెడ్డులో అందరూ ఆగిపోయినారు.

"ఏం కాలేదమ్మా, కూర్చోండి," అన్నాడు వాళ్ల కోచ్ పెంచలకృష్ణ సారు. "ఇట్లాంటివి నెలకొకటి విరుగుతానే ఉంటాయి."

నెలకొకటి! ధైర్యం చెబుతున్నాననుకొని చెప్పినాడాయన.

అజ్మల్ జాకెట్టు విప్పి చూపించినాడు. పిల్లి గీరినంత ఎర్రటి గీత. "చూడు, రక్తం కూడా రాలేదు. ఈ లోపలి చొక్కా ఉండేదే ఇందుకు. ఇంకెప్పుడూ అట్లా అరవబాక అమ్మా, పరువు పోతాది."

ఆ చొక్కాను వాళ్లు ప్లాస్ట్రాన్ అంటారు. జాకెట్టు కింద, కత్తి పట్టుకునే చేతి వైపు మాత్రమే వేసుకునే అరచొక్కా. రొమ్ము నుంచి చంక దాకా కప్పుతుంది. కత్తి దిగకుండా ఆపే గట్టి గుడ్డ అది. ఆట ఫెన్సింగ్, అందులో మావాడిది ఎపీ. కత్తి మొనకు చిన్న మీట ఉంటుంది, గట్టిగా నొక్కుకుంటే లైటు వెలుగుతుంది. ఒళ్లంతా ఎక్కడ పొడిచినా పాయింటే. ఆ 'ఒళ్లంతా ఎక్కడైనా' అనే మాట నాలుగేళ్లుగా నాకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

ఇంటికొచ్చి మా కూతురు షాహీన్‌ను ఫోన్ తియ్యమన్నాను. "ఈ ఆటలో ఎవరన్నా చచ్చిపోయినారేమో చూడు."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"చూడవే."

చూసింది. "ఎప్పుడో నేను పుట్టకముందు ఒకాయన. కత్తి విరిగి మాస్కులోంచి దిగిందంట. ఆ తర్వాత రూల్సు మార్చినారు, గుడ్డ మార్చినారు, ఇప్పుడేం భయం లేదని రాసుంది."

ఆ అమ్మి చివరిదాకా చదివింది. నేను 'దిగిందంట' దగ్గరే ఆగిపోయినాను.

ఇంకో మూడు నెలల్లో ఆసియా క్రీడలు. జపాన్‌లో. మన దేశం తరఫున మగపిల్లల ఎపీలో పోయే ఇద్దరిలో మావాడొకడు. కోవూరు బజారులో ఫ్లెక్సీ కట్టినారు. ఫ్లెక్సీలో వాడు కత్తి పట్టుకొని నవ్వుతా ఉన్నాడు. దాని కింద నడిచి పోయేటప్పుడల్లా నా చూపు వాడి ముఖం మీదికి పోయేది కాదు, చంక కిందికి పోయేది.

మేము దూదేకులోళ్లం. ఇంటి ముందర గదే పరుపుల అంగడి. దూది ఏకడం, కూరడం మా ఆయన హనీఫా పని. పరుపు మూతి కుట్టడం నా పని. చదివింది ఏడో తరగతే గానీ కుట్టులో నాకు పేరుంది. దూది ఎక్కడ నుంచి లోపలికి పోయిందో కొన్నోళ్లకు కనపడకూడదని మా నాయన చిన్నప్పుడే కొట్టి నేర్పించినాడు. వేలు పెట్టి తడిమినా కుట్టు దొరకదు.

ఆగస్టులో ఒక శుక్రవారం, మా ఆయన జుమ్మా నమాజుకు పోయినాడు. ఆ వారంలోనే అజ్మల్ ఆ లోపలి చొక్కా ఉతకమని ఇచ్చున్నాడు. ఉతికి ఆరేసినాను. ఆరిందాన్ని ఒళ్లో పెట్టుకొని అంచు కుట్టు విప్పినాను. లోపల రెండు పొరలు. మధ్యన బూరుగు దూది పరిచినాను. వేలెడు మందం కూడా లేదు. రొమ్ము మీద పలచగా, చంక కింద ఇంకాస్త. జారి ఒకచోట చేరకుండా లోపల్లోపలే పట్టుకుట్లు వేసి, అంచు మూసేసినాను. కంపెనీ కుట్టు సందుల్లోంచే నా సూది పోయింది. తిప్పి చూసుకున్నాను. నేను కుట్టిందని నాకే తెలియలేదు. గర్వపడినాను, ఎందుకు దాచాలి.

సాయంత్రం వాడు తొడుక్కొని చెయ్యి పైకీ కిందికీ ఆడించినాడు.

"ఏందమ్మా, బిగుసుకున్నట్టుందే?"

"ఉతికితే బిగుసుకోదా? రెండు రోజులు వేసుకుంటే సర్దుకుంటాదిలే."

"బానే ఉందిలే. మెత్తగా ఉంది," అని నవ్వి పోయినాడు.

ఆ రాత్రి నేను తెల్లారేదాకా మెలకువ రాకుండా పడుకున్నాను.

క్వార్టర్ ఫైనల్ రోజు మధ్యాహ్నం అంగడి ముందర వీధి వీధంతా చేరింది. దిండ్ల దొంతర మీద టీవీ పెట్టినాడు మా ఆయన. ఎదురు వరుసలో మిషన్ కుట్టే రాఘవమ్మ పని ఆపి వచ్చి ముందరే కూర్చుంది. అది గెలిస్తే పతకం ఖాయం. తర్వాతి ఆటలో ఓడినా కంచు పతకం ఇస్తారంట. పదిహేను పాయింట్లు ముందు ఎవరు చేస్తే వాళ్లదే.

పన్నెండు, పది. మావాడే ముందున్నాడు.

అవతలి పిల్లోడు తాటిచెట్టంత పొడుగు. ఒక్క దూకు దూకి మావాడి రొమ్ము మీద పొడిచినాడు. కత్తి ఆనిన చోటు మాకు కూడా కనపడింది. లైటు వెలగలేదు.

"అల్లా కాపాడినాడు!" అన్నాడు మా ఆయన.

మళ్లీ కలబడినారు. మళ్లీ అదే చోట. మళ్లీ వెలగలేదు. ఆ పిల్లోడు మాస్కు తీసి, తన రొమ్ము మీద చేత్తో కొట్టుకొని చూపిస్తా రెఫరీతో ఏదో చెప్పినాడు. రెఫరీ వాడి కత్తి మొన మీద బరువు పెట్టి చూసినాడు. లైటు వెలిగింది. కత్తిలో తప్పు లేదు.

అప్పుడు రెఫరీ మావాడి దగ్గరికి వచ్చినాడు. జాకెట్టు విప్పమన్నాడు. లోపలి చొక్కా మీద వేళ్లతో నొక్కినాడు. ఆగి, మళ్లీ నొక్కినాడు. ఇంకొకాయన్ని పిలిచినాడు. ఇద్దరూ నొక్కినారు. టీవీలో ఇంగ్లీషులో ఏదో గడగడా చెబుతా ఉన్నారు. అప్పటిదాకా మాకు తెలుగులో చెబుతా ఉన్న షాహీన్ నోరు మూసుకుంది.

"ఏమంటున్నారే?"

"ఏం లేదమ్మా."

చొక్కా విప్పించి బల్ల మీద పరిచినారు. ఒకాయన కత్తెర తెచ్చినాడు. అంచు వెంబడి కత్తిరించి, రెండు వేళ్లు లోపలికి పెట్టి లాగినాడు. తెల్లగా వచ్చింది. ఇంకా లాగినాడు. ఇంకా వచ్చింది. కెమెరా దగ్గరికి జరిపినారు. ఏసీ గాలికి కొంచెం లేచి మావాడి చేతి మీద పడింది. వాడు దాన్ని తీసి చూసుకున్నాడు.

"ఏంది జైతూన్, అది దూది గదా?" అంది రాఘవమ్మ.

మా ఆయన టీవీకి దగ్గరగా పోయి వంగి చూసినాడు. ముప్పై ఏళ్లుగా దూది పట్టిన మనిషి. "బూరుగు దూది," అన్నాడు చిన్నగా. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసినాడు.

రెఫరీ నల్లకార్డు ఎత్తినాడు. అంటే ఆట లేదు, పతకం లేదు, గెలిచినవి కూడా లెక్కలోకి రావు. మోసం చేసినోడికి ఇచ్చే కార్డు అది.

నిజానికి ఆ రెండు పోట్లకు లైటు వెలగనిది నా దూది మెత్తదనానికి మొన నొక్కుకోకనో, పోటు జారి పడడం వల్లనో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. ఎవరూ పరీక్షించి చూడలేదు కూడా. దూది దొరికింది, సరిపోయింది.

ఫోన్లో వచ్చిన మాటలు షాహీన్ రెండు రోజులు చదివి, మూడో రోజు ఫోన్ ఆపేసింది. దూదేకులోడు దేశం దాటినా దూది వదల్లేదంట. పతకం తెస్తాడనుకుంటే పరుపు తీసుకుపోయినాడంట. బజారులో ఫ్లెక్సీ మీద మావాడి రొమ్ము దగ్గర ఎవరో దూది ముద్ద అంటించినారు. అది పీకి పారేస్తే మరుసటి రోజు మళ్లీ అంటించినారు. మూడోసారి మా ఆయన ఫ్లెక్సీనే విప్పుకొచ్చి మడిచి అటక మీద పడేసినాడు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి పెళ్లి పరుపుల కోసం వచ్చినోడొకడు, "హనీఫా అన్నా, ఎంత పొడిచినా లైటు వెలగని పరుపుందా?" అని అడిగి కూడా వచ్చినోళ్లను నవ్వించినాడు. మా ఆయన కూడా నవ్వినాడు. వాళ్లు పోయినాక పరుపు మీద కూర్చొని చాలాసేపు లేవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అజ్మల్ ఒక మధ్యాహ్నం రైలు దిగి వచ్చినాడు. సంచి దించకుండానే అడిగినాడు.

"నువ్వేనా?"

"నేనేరా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వేసుకుంటావా?"

"వేసుకోను," అన్నాడు. గోడకు జారగిలబడి కూర్చున్నాడు. "మా అమ్మ కుట్టింది, నాకు తెలియదు అని చెప్పినానమ్మా వాళ్లకు. నవ్వినారు. కుట్టు చూపించి, ఇంత పనితనంగా దాచింది ఇంట్లో కూర్చొనే అమ్మా, మాకు చెబుతావా అన్నారు. మోటుగా కుట్టుంటే నమ్మేవాళ్లే."

నా మీద కోపం చెయ్యలేదు వాడు. ఆ రాత్రి పెరుగన్నం కలిపి ఇస్తే రెండుసార్లు పెట్టించుకున్నాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ తర్వాత నలభై రోజులు నాకు పండగ. వాడు ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే లేచి నాయనకు దూది బేళ్లు దించి పెట్టేవాడు. మూడు పూటలా నా చేతి తిండి. చంక కింద గీత ఆనవాలు కూడా లేదు. వాడు పడుకుంటే పక్కన కూర్చొని ఊపిరి చూసుకునేదాన్ని. వీధిలో ఎవరేమన్నా చెవిన పెట్టలేదు. బతికున్నోడిని ఎన్ని మాటలన్నా అననీ అనుకున్నాను.

నవంబరులో వానలు పట్టుకున్నాక పెంచలకృష్ణ సారు గొడుగేసుకొని వచ్చినాడు.

"అమ్మా, విచారణ కమిటీ నెల్లూరుకే వస్తోంది. మీరొచ్చి చెప్పాలి. మీరే కుట్టినట్టు రుజువైతే వీడికి తెలియదని రాసుకొని, మందలించి వదిలేస్తారు. కాకపోతే నాలుగేళ్లు నిషేధం."

"నాలుగేళ్లంటే వీడికి ఇరవై ఎనిమిది," అన్నాడు మా ఆయన.

"అయిపోయినట్టే హనీఫా గారూ. నాలుగేళ్లు ఏ హాల్లోనూ కాలు పెట్టనియ్యరు. ఇంకెక్కడి ఆట."

అజ్మల్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "భయపడబాక అమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పు. జనవరిలో మళ్లీ మొదలుపెడతా. సారు ఏప్రిల్‌లో హంగేరీ క్యాంపుకు పేరు పంపుతానన్నాడు." నా భుజం మీద గెడ్డం ఆనించి, "ఈసారి దూది లేకుండా పోతా," అని నవ్వినాడు.

అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను.

కమిటీ స్టేడియం ఆఫీసు గదిలో కూర్చుంది. పెద్దాయన పేరు జయకుమార్ గారు. పక్కన గార్మెంట్ పని తెలిసిన ఒకామె, రాసుకునే ఇంకొకాయన. బల్ల మీద కత్తిరించిన మావాడి చొక్కా ఉంది. పక్కనే అలాంటిదే కొత్తది, ఒక సూది, దారం ఉండ, కాస్త దూది.

నేను జరిగిందంతా చెప్పినాను. జయకుమార్ గారు మర్యాదగానే విన్నాడు.

"మాటలు ఎవరైనా చెబుతారు తల్లీ. ఈ కుట్టు మా వాళ్లు భూతద్దం పెట్టి వెతికితే గానీ దొరకలేదు. ఎవరో తెలిసినోళ్ల చేత చేయించి, ఇప్పుడు అమ్మను ముందుకు తోస్తున్నారని మా అనుమానం. ఇదిగో కొత్తది. మా ఎదురుగా కుట్టి చూపించండి. కుట్టగలిగితే ఇంక మీ అబ్బాయి జోలికి రాము."

"చూడండి సార్," అన్నాడు మా ఆయన. రెండు నెలల తర్వాత ఆయన గొంతులో ప్రాణం విన్నాను. "ఈమె కుట్టు కంటికి ఆనదు. మా జిల్లాలో ఇంకెవరికీ రాదు ఈ పని. పరుపు కొన్నోళ్లు మూతి ఎక్కడుందని వెతుక్కుంటారు."

నేను సూది తీసుకున్నాను. దారం తడిపి ఎక్కించినాను. ఒక్కసారికే ఎక్కింది.

అంచు విప్పి, దూది పరిచి, మూయడం మొదలుపెట్టినాను. బయట వాన కొంచెం తెరిపిచ్చింది. షెడ్డులో పిల్లోళ్లు ఆడతా ఉన్నారు. ఇనుముకు ఇనుము తగిలే చప్పుడు ఆ గదిలోకి వినపడతా ఉంది. తలెత్తి చూసినాను. అజ్మల్ తలుపు దగ్గర నిలబడున్నాడు. నన్ను చూడడం లేదు. షెడ్డు వైపు చూస్తున్నాడు. చప్పుడు వచ్చినప్పుడల్లా వాడి కుడిచేతి వేళ్లు, పక్కన వేలాడుతున్నవి, పిడి పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. వాడికి తెలియకుండానే.

ఏప్రిల్‌లో క్యాంపన్నాడు వాడు. నెలకొకటి విరుగుతాయి అన్నాడు ఆ సారు.

నేను తల దించుకొని, సూదిని కంపెనీ కుట్టు సందు తప్పించి నూలుపోగంత పైకి వేసినాను. తర్వాతి కుట్టు కూడా అంతే పైకి వేసినాను.

ముగించి ఇచ్చినాను. గార్మెంట్ పని తెలిసినామె వేలు పెట్టి అంచు వెంబడి పోనిచ్చింది. "ఇక్కడ కనపడుతోంది. ఇదిగో ఇక్కడ. ఇక్కడ కూడా." తర్వాత నా ముఖం చూసి జాలిపడింది. "కంగారు పడినట్టుంది సార్. ఇంకొకసారి ఇద్దాం."

"ఇవ్వండి. తొందరేం లేదు," అన్నాడు జయకుమార్ గారు. మంచినీళ్లు తెప్పించినాడు. నేను తాగినాను. కుట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టినాను.

రెండోసారి కూడా అట్లనే కుట్టినాను.

"చెయ్యి వణుకుతోంది సార్ ఈమెకు," అన్నాడు మా ఆయన. "మీ అందరి ముందర కదా. ఇంట్లో అయితే..."

"వణికితే కుట్టు వంకర పోతుందయ్యా," అన్నాడు జయకుమార్ గారు. చొక్కాను మా ఆయన వైపు తిప్పినాడు. "చూడు, గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఈమెకు వచ్చిన కుట్టు ఇది. అది వేరే చెయ్యి."

మా ఆయన ఆ కుట్టు చూసినాడు. చాలాసేపు చూసినాడు. తలుపు దగ్గర అజ్మల్ ఇటు తిరిగినాడు. చప్పుడు వస్తూనే ఉంది గానీ వాడి వేళ్లు కదలడం లేదు.

కాగితం డిసెంబరులో వచ్చింది. నాలుగేళ్లు. మాస్కు, కత్తులు, బూట్లు అన్నీ వాడు సంచిలో పెట్టి సారుకు ఇచ్చేసి వచ్చినాడు. ఆయన తీసుకోనంటే స్టేడియం గేటు దగ్గర పెట్టేసి వచ్చినాడంట.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి ఒక చొక్కా నా ముందర పెట్టినాడు. భుజం దగ్గర జానెడు చినిగుంది.

"మేకుకు పట్టుకుంది. కుట్టి పెడతావా అమ్మా?"

అమ్మా అన్నాడు. నాకు ఇంకేం కనపడలేదు. పొయ్యి మీద పప్పు దించేసి, వెలుతురుకు గుమ్మంలో కూర్చున్నాను. దాంట్లోంచే పోగు లాగి దారం చేసుకున్నాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఇంకేదీ కుట్టలేదు. వాడు ఎదురుగా గొంతుక్కూర్చొని, కుట్టినంతసేపూ నా చేతి వైపే చూస్తా ఉన్నాడు. చూస్తా ఉంటే ఇంకా బాగా కుట్టినాను.

ఇచ్చినాను. ఎండకు ఎత్తి చూసినాడు. తిప్పి చూసినాడు. బొటనవేలితో భుజం మీద ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు తడిమినాడు. దొరకలేదు.

"నేను చూస్తా ఉంటే వణకదా నీ చెయ్యి?" అన్నాడు.

జవాబు కోసం వాడు ఆగలేదు. చొక్కా మడిచి గుమ్మం మీద నా పక్కనే పెట్టి లేచిపోయినాడు.

వాడు ఎక్కడికీ పోలేదు. నాయనతో పాటు అంగడి చూసుకుంటున్నాడు. వేళకు వస్తాడు, పెట్టింది తింటాడు. అడిగినదానికి అవును, కాదు అంటాడు. ఒళ్లు కూడా చేసినాడు. వాడి మీదికి కత్తి తెచ్చేవాడు ఇప్పుడు ఎవడూ లేడు. నేను కోరుకున్నది నాకు దొరికింది, కాదనను.

నిన్న పొద్దున వాడి చొక్కా గుండీ ఊడింది. సూది దారం పట్టుకొని నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. నా పక్క నుంచే దాటుకొని రోడ్డు అవతలికి పోయి రాఘవమ్మ మిషన్ దగ్గర నిలబడినాడు. ఆమె చొక్కా విప్పమనలేదు, ఒంటి మీద ఉండగానే కుట్టడానికి లేచింది. పక్కామెతో ఏదో మాట్లాడతా, నవ్వుతా, చూడకుండానే సూది లాగుతోంది. సూది మొన వాడి రొమ్ముకు ఎంత దగ్గరగా పోయి వస్తోందో నాకు ఇక్కడి నుంచి కనపడుతూనే ఉంది. జాగ్రత్త అని అరవబోయి, చెంగు నోట్లో కుక్కుకున్నాను.